ఐపీ పెట్టాక నాలుగేళ్లు: కోర్టు, బ్యాంకు, టీచరమ్మ గారి నోటు (నా అనుభవం)

2025 ఫిబ్రవరి మూడో వారంలో మా ఊరి సబ్ కోర్టు నాకు డిశ్చార్జి, అంటే పాత బాకీల నుంచి విడుదల, ఇచ్చింది. ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టింది 2021 నవంబరులో. మన వైపు ఐపీ గురించి మాట్లాడనివాళ్లు ఉండరు, "ఫలానావాడు ఐపీ పెట్టేశాడంట" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, పెట్టినవాడు మాత్రం నోరు విప్పడు. పెట్టకముందు నేను ఎంత వెతికినా, అది పెట్టాక మనిషి రోజు ఎలా గడుస్తుంది, జీతం ఏ ఖాతాలో వేయించుకోవాలి, మళ్లీ బ్యాంకు గడప ఎప్పుడు తొక్కొచ్చు లాంటివి చెప్పినవాళ్లు లేరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

నాది రెడీమేడ్ బట్టల కొట్టు, గుంటూరు జిల్లాలో ఓ మోస్తరు టౌన్‌లో. సరుకు విజయవాడ వస్త్రలత నుంచి, పండగలకి కొంత సూరత్ నుంచి తెచ్చేవాణ్ణి. 2020 వేసవి పెళ్లిళ్లకని ఫిబ్రవరిలోనే సరుకు దింపా, మార్చి 25న లాక్‌డౌన్. మరుసటి ఏడాది సీజన్‌కి సెకండ్ వేవ్. రెండేళ్ల పాత డిజైన్లు ఎవరు కొంటారు, 2021 జూన్‌లో షట్టర్ దించేశా. మిగిలిన స్టాక్‌ని ముద్రా లోన్ ఇచ్చిన బ్యాంకువాళ్లు పట్టుకెళ్లి అమ్ముకున్నారు, అదంతా పోనూ లెక్క చూస్తే బాకీ 32 లక్షలు. ముద్రా మీద 5.8 లక్షలు, ఓ ప్రైవేటు బ్యాంకు పర్సనల్ లోన్ 3.9, రెండు క్రెడిట్ కార్డులు 2.3, పాడేసుకున్న చీటీ మీద 2.4, సరుకు ఇచ్చిన హోల్‌సేల్ వాళ్లకి 2.6, ఇవి కాక ప్రామిసరీ నోట్ల మీద తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది 15 లక్షలు. నిద్ర పట్టనివ్వనిది ఆ చివరిదే. బ్యాంకువాడు ఫోన్ చేస్తాడు, నోటున్నవాడు ఇంటికొస్తాడు, పైగా చుట్టమో పక్కింటివాళ్లో అయ్యుంటారు.

ఆగస్టులో ప్లీడరు గారి దగ్గరికెళ్లా. పెద్దాయన, మా ఊళ్లో ఐపీలు ఎక్కువ ఆయనే వేస్తారు. నేను ఫోన్లో చదువుకుని 2016లో వచ్చిన కొత్త దివాలా చట్టం గురించి అడిగితే నవ్వి, "అది కంపెనీలకీ, వాటికి హామీ ఉన్నవాళ్లకీ అబ్బాయ్. మనలాంటివాళ్ల భాగం ఇంకా అమల్లోకి రాలేదు. మనది 1920 చట్టమే" అన్నారు. ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ యాక్ట్ అంటారు దాన్ని. ఎంత పాతదంటే, అప్పు 500 రూపాయలు ఉంటే చాలు పిటిషన్ వేసుకోవచ్చని అందులో ఇప్పటికీ ఉంది.

ఆయన మొదట అడిగిన ప్రశ్నలు నా అప్పుల గురించి కావు. గత రెండేళ్లలో ఏ ఆస్తయినా ఎవరి పేరునైనా రాశావా, గత మూడు నెలల్లో అప్పులవాళ్లలో ఎవరికైనా ప్రత్యేకంగా కట్టావా, ఈ రెండే గుచ్చి గుచ్చి అడిగారు. ఐపీ పెట్టేముందు ఇల్లు భార్య పేరున మార్చేయడం మన దగ్గర మామూలే కదా, రెండేళ్లలోపు అలా ఊరికే రాసిచ్చింది చెల్లదని కోర్టు కొట్టేయగలదు, అలాగే చివరి మూడు నెలల్లో ఒకడికి కట్టి మిగతావాళ్లకి ఎగ్గొట్టినా తిరగదోడతారు. నా పేరున ఉన్నది ఊరి చివర 120 గజాల స్థలం ఒక్కటే. అది అలాగే ఉంచమన్నారు, ఉంచా. మా ఆవిడ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు, అది పిల్ల పెళ్లికని కొన్నది.

ఖర్చు సంగతి. ప్లీడరు ఫీజు మొత్తం 45 వేలు, మూడు విడతల్లో. కోర్టు ఫీజు పెద్ద లెక్కలోది కాదు. అసలు ఖర్చు నోటీసుల దగ్గర. అప్పిచ్చిన ప్రతి ఒక్కరినీ పేరు, తండ్రి పేరు, అడ్రసు, ఎంత బాకీ, ఏ నోటు ఏ తేదీది అన్నీ రాసి పిటిషన్‌లో చేర్చాలి, ఒక్కొక్కరికీ నోటీసు పంపాలి, దానికి బత్తా (నోటీసు అందజేసే ఖర్చు) కట్టాలి. కొందరివి తలుపు తాళం అని తిరిగొచ్చాయి, అప్పుడు పేపర్లో ప్రకటన వేయమన్నారు, జిల్లా ఎడిషన్‌లో చిన్న డబ్బాకి దాదాపు 7 వేలయింది. అందులో నా పేరుతో పాటు వాళ్ల పేర్లూ పడతాయి. ఇది నాకు ముందు తట్టలేదు. మా చినమామగారి తోడల్లుడు ఒకాయన ఉన్నారు, వడ్డీకి ఇస్తున్నట్టు వాళ్లింట్లోనే తెలియదు, నా పుణ్యాన పేపర్లోకెక్కారు. ఆయన ఇప్పటికీ నా ముఖం చూడడు, బాకీ కన్నా ఆ కోపమే ఎక్కువ అనుకుంటా.

నోటీసులు అందిన వారం గురించి తక్కువే చెప్తా. డిసెంబరు మొదటి వారం అది. పొద్దున్న ఆరింటికి మొదలయ్యేవాళ్లు రావడం. అరిచినవాళ్లతో ఇబ్బంది లేదు, అరిచి వెళ్లిపోతారు. ఏమీ అనకుండా వచ్చి వరండాలో కుర్చీలో కూర్చున్నవాళ్లున్నారు చూడండి, వాళ్లకి మంచినీళ్లు ఇవ్వాలా వద్దా అని మా ఆవిడ తలుపు దగ్గరే గ్లాసు పట్టుకుని నిలబడిపోయేది. పిల్లల్ని పదిహేను రోజులు మా అత్తగారి ఊరికి పంపేశాం. మీరు పెట్టేట్టుంటే ఆ ఏర్పాటేదో ముందే చూసుకోండి.

పిటిషన్ వేయగానే ఫోన్లు ఆగిపోతాయని నేననుకున్నా. ఆగవు. కోర్టు నిన్ను దివాలాదారుగా ప్రకటించాకే అప్పులవాళ్లు కోర్టు అనుమతి లేకుండా నీ మీద విడిగా దావాలకి వెళ్లకూడదు, అంతదాకా ఎవడి దారి వాడిదే. రికవరీ ఏజెంట్లు పొద్దున 8 కంటే ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది, అది పట్టుకుని రాత్రి పదింటికి చేసినవాళ్ల కాల్ లాగ్ స్క్రీన్‌షాట్లు తీసి బ్యాంకు గ్రీవెన్స్ మెయిల్‌కి పంపాక రాత్రి ఫోన్లు తగ్గాయి.

ఇంకో సంగతి, చెక్కు బౌన్స్ కేసుకి ఐపీ అడ్డురాదు. సరుకిచ్చిన ఒకాయన దగ్గర నా చెక్కు ఉంది, వేశాడు, తిరిగొచ్చింది, లాయర్ నోటీసు ఇచ్చి 138 కింద కేసు పెట్టాడు. అది క్రిమినల్ కేసు, మామూలు బాకీతో కలవదు. చివరికి 2022 నవంబరు లోక్ అదాలత్‌లో 1.1 లక్షలకి రాజీ అయింది, ఆ డబ్బు మా బావమరిది ఇచ్చాడు. ఆ కేసు వాయిదాలకి వెళ్లినంత టెన్షన్ నేను ఐపీ వాయిదాలకి కూడా పడలేదు.

ఈలోగా బతకాలి కదా. 2022 జనవరిలో గుంటూరులో ఒక బట్టల షోరూంలో సూపర్‌వైజర్‌గా చేరా, 17 వేలు. మొదటి జీతం నా పాత సేవింగ్స్ ఖాతాలోనే వేయించుకున్నా, ముద్రా లోన్ ఉన్న బ్యాంకే అది. సాయంత్రం ఏటీఎంకి వెళ్తే బ్యాలెన్స్ సున్నా. బాకీకి సర్దుకున్నారు. వాళ్ల దగ్గర ఉన్న మన డబ్బుని వాళ్లకి రావాల్సిన దానికి పట్టుకునే హక్కు బ్యాంకుకి ఉంటుందట. మర్నాడే పోస్టాఫీసులో ఖాతా తెరిచా. ఏ లోనూ, ఏ కార్డూ లేని చోట ఖాతా ముందే తెరిచి పెట్టుకుని, యజమానికి ఆ నంబరే ఇవ్వండి.

కోర్టులో నా సాక్ష్యం 2023 వేసవిలో నడిచింది. అవతలి ప్లీడరు ప్రశ్నల్లో సగం మా ఆవిడ నగల మీదే. పుట్టింటివాళ్లు పెట్టింది ఎంత, నువ్వు చేయించింది ఎంత అని. గాజుల జత ఒకటి నేను చేయించిందే, 2014 నాటి బిల్లు అదృష్టవశాత్తూ బీరువాలో దొరికింది, తేదీ చూసి ఆయన ఆ ప్రశ్న వదిలేశారు. ఆ బిల్లు లేకపోతే ఇంకెన్ని వాయిదాలు సాగేదో. కాగితం ఏదీ పారేయకండి, అంతే చెప్తా.

జులైలో నన్ను దివాలాదారుగా ప్రకటిస్తూ ఆర్డరు వచ్చింది, డిశ్చార్జి కోసం ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోమని అందులోనే రాశారు. స్థలం కోర్టు తరఫున అఫీషియల్ రిసీవర్ చేతికి వెళ్లింది. ఆ రోజు బయటికి వస్తుంటే ప్లీడరు గారు వరండాలో ఆపి, "ఇవాళ్టి నుంచి డిశ్చార్జి వచ్చేదాకా 50 రూపాయలు పైబడి ఎవరి దగ్గర అరువు తెచ్చినా, నేను దివాలాదారుణ్ణి అని ముందే చెప్పి తేవాలి. చెప్పకపోతే ఆర్నెల్లు జైలు పడొచ్చు" అన్నారు. తమాషా అనుకున్నా. చట్టంలో నిజంగానే ఉంది, 1920లో 50 రూపాయలంటే పెద్ద మొత్తమేమో మరి. ఆ సాయంత్రమే పచారీ కొట్టు ఖాతా మూసేసి, పోస్ట్‌పెయిడ్ సిమ్‌ని ప్రీపెయిడ్‌కి మార్చేశా. ఇప్పుడు కొని తర్వాత కట్టు అనే యాప్‌లు ఫోన్లోంచి తీసేశా. బడిలో ఫీజు వాయిదాల్లో కడతానని అడగాల్సొచ్చినప్పుడు ప్రిన్సిపాల్ గారికి ఉన్న విషయం చెప్పేశా, ఆవిడ కాసేపు నా వంక చూసి "సరే, నాలుగు వాయిదాలు రాసుకోండి" అన్నారు. చెప్పడానికి నాలుక పిడచకట్టుకుపోయింది గానీ చెప్పాక పెద్దగా ఏం కాలేదు.

ఆ ఏడాదిన్నర మాత్రం, నిజం చెప్పాలంటే, ఇంట్లో లెక్కలు చక్కబడింది అప్పుడే. అరువు దొరకదు కాబట్టి చేతిలో ఉన్నదే ఖర్చు. మా ఆవిడ రాత్రిళ్లు జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది, ఆ డబ్బుల్లోంచి నెలకి 2 వేలు పోస్టాఫీసు ఆర్డీలో తన పేరునే కట్టింది.

స్థలం వేలం 2024 జనవరిలో జరిగింది, 8.4 లక్షలు పలికింది. బయట అమ్మితే ఇంకో రెండు లక్షలు వచ్చేదని అందరూ అన్నారు, కోర్టు వేలంలో ధర అలాగే ఉంటుందట. ఖర్చులు పోనూ, బాకీ రుజువు చేసుకున్నవాళ్లకి రూపాయికి ముప్పై పైసల చిల్లర అందింది. పర్సనల్ లోన్ బ్యాంకూ, కార్డుల వాళ్లూ నోటీసు అందుకుని కూడా కోర్టుకే రాలేదు. రాని దానికి ఫలితం ఏంటో అప్పుడు నేను పట్టించుకోలేదు, తర్వాత అదే పెద్ద తలనొప్పి అయింది, చెప్తా.

డిశ్చార్జి పిటిషన్ 2024 మేలో వేశాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. నీ ఆస్తి విలువ నీ బాకీల్లో రూపాయికి ఎనిమిది అణాలకైనా సరిపోవాలి, అంటే సగం. సరిపోకపోతే, ఆ పరిస్థితి నీ చేతుల్లో లేని కారణాల వల్ల వచ్చిందని కోర్టుని నమ్మించాలి. నాది సగానికి ఆమడ దూరం. అప్పుడు నన్ను గట్టెక్కించింది కొట్టు పుస్తకాలు. మూడేళ్ల జీఎస్టీ రిటర్నులు, ట్యాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నెలవారీ అమ్మకాలు, 2020 ఫిబ్రవరిలో దింపిన సరుకు బిల్లులు, లాక్‌డౌన్ నెలల్లో సున్నా అమ్మకాలు, అన్నీ తేదీల వారీగా ఫైలు చేసి ఇచ్చాం. లెక్కలు సరిగా రాయకపోవడమే డిశ్చార్జి ఆపడానికి ఒక కారణం అవుతుంది కాబట్టి, ట్యాలీ చేసిపెట్టిన కుర్రాడికి నెలకి ఇచ్చిన 1,500 నేను కొట్టు మీద పెట్టిన ఖర్చుల్లోకెల్లా పనికొచ్చిన ఖర్చు. ఇద్దరు అప్పులవాళ్లు అభ్యంతరం చెప్పారు, వాదనలు అయ్యాయి, జడ్జి మారారు, మళ్లీ మొదటికొచ్చింది, చివరికి 2025 ఫిబ్రవరి.

ఆర్డరు చేతికొచ్చిన వారం పెళ్లికెళ్లినట్టు తిరిగా. మార్చిలో సిబిల్ రిపోర్టు, అదే మన అప్పుల చరిత్ర చూపే కాగితం, తీస్తే స్కోరు 538. అందులో ఏముందంటే: ముద్రా లోన్ రైట్ ఆఫ్ (వసూలు కాదని బ్యాంకు తన లెక్కల్లోంచి తీసేసింది), అయినా బాకీ 7 లక్షల పైచిలుకు. కార్డులు రెండూ రైట్ ఆఫ్. పర్సనల్ లోన్ దగ్గర నేనెప్పుడూ వినని కంపెనీ పేరు, బ్యాంకువాళ్లు ఆ బాకీని ఒక ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి అమ్మేశారట, వడ్డీతో కలిపి 6 లక్షలు దాటి చూపిస్తోంది. కోర్టు ప్రకారం నాకు పైసా బాకీ లేదు. కోర్టుకి వచ్చి రుజువు చేసుకున్నా, మానేసినా, అక్కడ రుజువు చేసుకోదగ్గ బాకీలన్నిటి నుంచీ డిశ్చార్జితో విడుదల వస్తుంది. ఆ ముక్క బ్యాంకు కంప్యూటర్‌కి ఎవరు చెప్తారు?

ముద్రా బ్రాంచికి వెళ్లా. మేనేజరు ముప్పై ఏళ్లు కూడా లేని అమ్మాయి, మర్యాదగానే కూర్చోబెట్టింది. ఆర్డరు రెండుసార్లు చదివి, "సర్, ఓటీఎస్ లెటర్ ఏది?" అంది. ఓటీఎస్ అంటే బ్యాంకుతో మాట్లాడుకుని ఒకేసారి కొంత కట్టి బాకీ తెంచుకోవడం. ఓటీఎస్ కాదు మేడం, ఇది కోర్టు డిశ్చార్జి అన్నా. "అంటే సెటిల్‌మెంటేగా సర్?" అంది. ఆవిణ్ణి అనడానికేం లేదు, సర్వీసులో ఇలాంటి కాగితం చూసి ఉండదు. సిస్టంలో ఆవిడకున్న ఆప్షన్లు క్లోజ్‌డ్, సెటిల్డ్, రైట్ ఆఫ్, అంతే.

రిపోర్టు ఇచ్చే కంపెనీకి ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ వేశా. వాళ్లు తమంతట తాము ఏదీ మార్చరు, లోన్ ఇచ్చినవాళ్లని అడుగుతారు, వాళ్లు మార్చమంటేనే మారుస్తారు. నెల నిండబోతుండగా "మార్పు లేదు" అని జవాబు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రూలుంది, 2024 ఏప్రిల్ నుంచి, కానీ గడువులోపు కుదరదని చెప్పేస్తే ఆ వందా రాదు. ఆ తర్వాత ఆర్డరు సర్టిఫైడ్ కాపీ జతచేసి ప్రతి బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసరుకీ రిజిస్టర్డ్ పోస్టులో పంపా. నెల ఆగి, జవాబు రానివాళ్ల మీద రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేశా, దానికి ఫీజు లేదు, ప్లీడరు అక్కర్లేదు, కాకపోతే ముందు బ్యాంకుకి రాసి 30 రోజులు ఆగిన రుజువు చూపాలి. ఆగస్టులో ముద్రా బ్యాంకు, ఒక కార్డు కంపెనీ బాకీ సున్నా చేశాయి. రైట్ ఆఫ్ అన్న ముద్ర మాత్రం ఉంది, అది చరిత్ర కాబట్టి ఉంటుందట. బాకీ సున్నా అవ్వడమే గొప్ప. ఆ అమ్మేసిన బాకీ కొనుక్కున్న కంపెనీ వాళ్లు మాత్రం జూన్‌లో కూడా "లక్షన్నరకి తెంచేస్తాం సర్, ఇవాళే ఆఖరి రోజు" అని ఫోన్లు చేశారు. ఆర్డరు మెయిల్ చేశాక ఫోన్లు ఆగాయి, రిపోర్టు ఇంకా మారలేదు, ఆ ఫిర్యాదు నడుస్తోంది.

సిబిల్ క్లీన్ చేస్తాం, 15 వేలు ఇవ్వండి అని వచ్చేవాళ్లు ఒక్కరు కాదు. వాళ్లు చేసేదీ ఇదే డిస్ప్యూట్ వేయడం, మనం ఉచితంగా వేసుకునేది. డబ్బు వృథా. ఇంకోటి, స్కోరు చూసుకోవడానికని అడ్డమైన యాప్‌లో నంబరు ఇస్తే వారం పాటు లోన్ల ఫోన్లే. దేశంలో రిపోర్టులిచ్చే కంపెనీలు నాలుగున్నాయి, సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్, ఒక్కొక్కరూ ఏడాదికో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నేను మూడు నెలలకొకరి దగ్గర తీసుకుంటా. ఒకరి స్కోరుకీ ఇంకొకరి స్కోరుకీ పోలిక పెట్టకండి, ఊరికే గుండె దడ. లోన్ కావాలని దరఖాస్తు పెడితే అది రిపోర్టులో పడి స్కోరు తగ్గొచ్చు, మనంతట మనం చూసుకుంటే తగ్గదు.

కొత్త అప్పు చరిత్ర మొదలవ్వాలంటే ముందు ఎవడో ఒకడు అప్పు ఇవ్వాలి, 538కి ఎవడిస్తాడు. దారి ఒక్కటే కనబడింది, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద క్రెడిట్ కార్డు. మా ఆవిడ దాచిన దాంట్లోంచి 25 వేలు అడిగా. "మళ్లీ కార్డా?" అంది, ఇంకేం అనలేదు, మర్నాడు తెచ్చి చేతిలో పెట్టింది. నాకు ఏ బాకీ లేని బ్యాంకులో వేశా, 90 శాతం లిమిట్ ఇచ్చారు, 22,500. స్కోరు ఎంత అని కూడా అడగలేదు, మన డబ్బు వాళ్ల దగ్గరే ఉంది కదా. వేసేముందు ఈ కార్డు వివరాలు సిబిల్‌కి వెళ్తాయా లేదా అని అడిగి ఖాయం చేసుకోండి, వెళ్లకపోతే అంతా దండగ. ఆ కార్డు మీద నెలకి పెట్రోలు, కరెంటు బిల్లు తప్ప ఏమీ గీకను, లిమిట్‌లో మూడో వంతు దాటనివ్వను, బిల్లు మొత్తం ఆటో డెబిట్. మినిమమ్ డ్యూ అనే గడి వైపు చూడను కూడా చూడను. 2025లో బ్యాంకులు పదిహేను రోజులకోసారి వివరాలు పంపాల్సి ఉండేది కాబట్టి మార్పు త్వరగానే కనబడింది. 2026 జనవరిలో సిబిల్ మళ్లీ తీశా, 649. ఇల్లు కొనేంత కాదు, అయినా ఆ రోజు షోరూంలో నా కౌంటర్ దగ్గర నిలబడి రెండుసార్లు చూసుకున్నా.

ఇక టీచరమ్మ గారి సంగతి. ఆవిడ మా వీధిలో ఉండే రిటైర్డ్ టీచరు, పెన్షన్ డబ్బుల్లోంచి నాకు 80 వేలు ఇచ్చారు, 2019లో. కోర్టుకి రాలేదు, వాటా తీసుకోలేదు, వరండాలో కూర్చున్నవాళ్లలోనూ ఆవిడ లేరు. డిశ్చార్జి వచ్చాక ఏప్రిల్‌లో 2 వేలు తీసుకుని వాళ్లింటికి వెళ్లా. ఆవిడ డబ్బు లెక్కపెట్టి, లోపలికెళ్లి, నా పాత ప్రామిసరీ నోటు తెచ్చారు. రెవెన్యూ స్టాంపు మీద నా సంతకం. వెనక్కి తిప్పి పెన్ను ఇచ్చి, "చెల్లు రాయి నాయనా" అన్నారు. ఆవిడకి అది లెక్క, తీసుకున్నది రాయాలి అంతే. ప్లీడరు గారు నాకు ఖచ్చితంగా చెప్పిన మాట, డిశ్చార్జి అయ్యాక ఏ పాత నోటు మీదా అక్షరం ముక్క రాయొద్దని, రాస్తే తీరిపోయిన బాకీని మళ్లీ ఒప్పుకున్నట్టవుతుందని. పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయా. ఇచ్చేది ఇస్తూనే రాయనంటే ఆవిడ ఏమనుకోవాలి? చివరికి ఉన్నదున్నట్టు చెప్పా, ప్లీడరు వద్దన్నారండీ అని. ఆవిడ నోటు మడిచి, పాల లెక్క రాసుకునే పుస్తకం తీసి, తేదీ వేసి, తన చేత్తోనే 2 వేలు అని రాసుకున్నారు. "నీ సంతకంతో నాకేం పనిలే" అన్నారు. అది మెచ్చుకోవడమో దెప్పడమో నాకిప్పటికీ తెలియలేదు. నెలనెలా ఇస్తున్నా. అందరికీ ఇస్తున్నానా అంటే లేదు, ఇవ్వలేను, 15 లక్షలు నా జీతంలో తేలే మాట కాదు. ఎవరికి ఇవ్వాలన్నది నేనే ఎంచుకుంటున్నా, అది న్యాయం కాదని మిగతావాళ్లు అంటే జవాబు లేదు.

బంగారం మీద లోన్‌కి స్కోరు పెద్ద అడ్డం కాదు కాబట్టి పిల్ల ఇంటర్ ఫీజుకి 2025 జూన్‌లో మా ఆవిడ గాజులు పెట్టి 60 వేలు తెచ్చాం, దసరా బోనస్‌తో విడిపించాం. రిపోర్టులో అదొక్కటే సకాలంలో మూసేసిన లోన్‌గా పచ్చగా కనబడుతోంది.

ఒకటి మర్చిపోయా. ఆర్డరు వచ్చాక కాపీ అప్లికేషన్ వేసేటప్పుడు సర్టిఫైడ్ కాపీలు ఒకటో రెండో కాదు, ఎన్ని బ్యాంకులున్నాయో అన్నీ, పైన ఇంకో రెండు అడగండి. నేను రెండే తీసుకుంటే, జెరాక్సు చెల్లదని ఒకరు తిప్పి పంపారు, మళ్లీ కోర్టు చుట్టూ తిరిగి మిగతావి తెచ్చుకునేసరికి నెల పోయింది. ఆర్డరులో మీ పేరు, ఇంటిపేరు పాన్ కార్డులో ఉన్నట్టే ఉందో లేదో అక్కడే చూసుకోండి. నాది ఇంటిపేరు ఒక అక్షరం తేడా పడింది, సరిదిద్దించడానికి ఇంకో పిటిషన్, ఇంకో వాయిదా.